ఒంటారియోలో ప్రొఫెషనల్ లైసెన్సు: నోటిమాట నమ్మకండి, కాగితం మీద అడగండి

నాకు ఫోన్ చేసే కొత్తవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే. "అక్కా, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేకపోతే లైసెన్సు ఇవ్వరట కదా?" ఎవరు చెప్పారని అడుగుతాను. వాట్సాప్ గ్రూపులో ఎవరో, రూమ్మేట్ వాళ్ల బావగారు, గుడిలో కలిసిన అంకుల్. రెగ్యులేటర్, అంటే ఆ వృత్తికి లైసెన్సులిచ్చే సంస్థ, దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం చూపించినవాళ్లు మాత్రం చాలా తక్కువ. నేను హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా పనిచేసి వచ్చాను. ఇప్పుడు మిస్సిసాగాలో అదే పని చేస్తున్నాను, పీ.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు ఉంది. మా తోడికోడలు నర్సు. ఆవిడ దారి వేరు, నా దారి వేరు. అయినా ఇద్దరికీ పనికొచ్చినవి అవే: రాతపూర్వకంగా అడగడం, తేదీ వేసి దాచుకోవడం, కాదంటే కారణం రాసివ్వమనడం.

ఇది కేవలం జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, దీని వెనక చట్టం ఉంది. బయటి దేశాల్లో చదివి వచ్చినవాళ్లకు న్యాయంగా లైసెన్సులివ్వాలని ఒంటారియో ప్రావిన్సు 2006లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. కెనడాలో ఇలాంటిది అదే మొదటిది. దాని కింద 2007లో ఫెయిర్‌నెస్ కమిషనర్ ఆఫీసు వచ్చింది. లైసెన్సు ఇచ్చే పద్ధతి పారదర్శకంగా, ఒకే కొలబద్దతో, పక్షపాతం లేకుండా, న్యాయంగా ఉండాలనేది ఆ చట్టం సారాంశం. అంటే అది మీకు లైసెన్సు ఇప్పించదు. మీ దరఖాస్తును పద్ధతిగా చూసేలా చేస్తుంది, అంతే. ఆ పద్ధతి మీకు పనిచెయ్యాలంటే మాత్రం మీరు కదలాలి.

ముందు మీకు లైసెన్సు అవసరమా?

ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, లాయర్లు, స్కూలు టీచర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, సర్వేయర్లు. ట్రేడ్స్‌లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటివాళ్లు. వీళ్లందరూ నేను పైన చెప్పిన చట్టం కిందికి వస్తారు. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులకు 1991 నాటి ఆరోగ్య వృత్తుల చట్టం వేరే ఉంది. రూల్స్ దాదాపు అలాంటివే, అప్పీలు చేసుకునే చోటు మాత్రం వేరు. వృత్తికొక రెగ్యులేటర్: ఇంజనీర్లకు పీఈఓ (ప్రొఫెషనల్ ఇంజనీర్స్ ఒంటారియో), నర్సులకు కాలేజ్ ఆఫ్ నర్సెస్. పేరులో కాలేజ్ అని ఉంది కదా అని అక్కడ క్లాసులు ఉంటాయనుకోకండి. అది లైసెన్సులిచ్చే సంస్థ.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మామూలుగా లైసెన్సు అక్కర్లేదు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు కూడా లైసెన్సు లేకుండా ఇంజనీరింగ్ పని చెయ్యొచ్చు, కాకపోతే ఒక పీ.ఇంజ్. బాధ్యత కింద. డ్రాయింగుల మీద సీలు వేసేది ఆయన. మీరు విజిటింగ్ కార్డు మీదా, లింక్‌డిన్‌లోనూ 'ఇంజనీర్' అని రాసుకోకూడదు, ఒంటారియోలో ఆ పేరుకి చట్టరక్షణ ఉంది. డిజైనర్, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, ఎస్టిమేటర్ అని రాసుకోండి. మనవాళ్లకు ఇది మనసుకి కష్టంగానే ఉంటుంది. పదేళ్లు ఇంజనీరు గారూ అని పిలిపించుకుని వచ్చి ఆ మాటే రాసుకోవద్దంటే ఎవరికైనా ఉంటుంది. కానీ దీనిమీద ఫిర్యాదు వెళితే మీ దరఖాస్తుకే చేటు.

నర్సింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా పనిచెయ్యడం కుదరదు. పర్సనల్ సపోర్ట్ వర్కర్‌గా (రోగులకు, వృద్ధులకు రోజువారీ పనుల్లో సాయం చేసే ఉద్యోగం) చేరి, ఆ జీతంతో ఇల్లు నడుపుకుంటూ పరీక్షలకు చదివేవాళ్లే ఎక్కువ.

కాగితాలు, విమానం ఎక్కకముందే

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. చాలా దరఖాస్తులు నెలల తరబడి కదలకుండా ఉండిపోయేది ఇక్కడే.

మన దగ్గర ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), పీసీ (ప్రొవిజినల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) ఉంటే చదువంతా చేతిలో ఉన్నట్టే అనుకుంటాం. ఇక్కడివాళ్లు మీ చేతిలో ఉన్నవాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. యూనివర్సిటీ నుంచి నేరుగా, లేదా యూనివర్సిటీ సీలు వేసిన కవర్లో వచ్చిన ట్రాన్‌స్క్రిప్టే వాళ్లకు కావాలి. అఫిలియేటెడ్ కాలేజీలో చదివితే కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం చాలదు, యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి రావాలి. కవరు అంటించిన చోట స్టాంపు పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. కవరు తెరిచారా, ఇక అది మామూలు జిరాక్సుతో సమానం. కనీసం రెండు మూడు సెట్లు తీయించండి. చదువును అంచనా వేసే వెస్‌కి ఒకటి, రెగ్యులేటర్‌కి ఒకటి, మీ దగ్గర తెరవకుండా ఒకటి.

తర్వాత సిలబస్. జేఎన్‌టీయూ వాళ్లయితే మీ బ్యాచ్ ఏ రెగ్యులేషనో, ఆర్05నో, ఆర్09నో, ఆర్13నో, దాని పుస్తకం మొత్తం పీడీఎఫ్‌గా దింపి పెట్టుకోండి, కుదిరితే యూనివర్సిటీ చేత అటెస్ట్ చేయించండి. రెగ్యులేటర్ మొదట్లో అడగకపోవచ్చు. కానీ "మీ కోర్సులో ఫలానా సబ్జెక్టు లేదు" అన్న మాట వచ్చిన రోజున అది లేకపోలేదు, 'స్ట్రక్చరల్ అనాలిసిస్–2' అనే పేరుతో మూడో సంవత్సరంలో ఉందని చూపించడానికి అదొక్కటే ఆధారం. మార్కుల మెమో మీద సబ్జెక్టు పేరు సగానికి కత్తిరించి ఉంటుంది, దాన్నిబట్టి ఎవరికీ ఏమీ అర్థం కాదు.

మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఇంకో చిక్కుంది. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. 2006లో చేరినవాళ్ల మొదటి సంవత్సరం మెమో మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకో పేరు ఉండొచ్చు. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్ అని మారింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. నర్సులు, ఫిజియోలు, డాక్టర్లు ఎంతమందికి రెండు పేర్లతో కాగితాలున్నాయో చూడండి. 2014లో రాష్ట్రం విడిపోయాక నర్సింగ్ కౌన్సిళ్లూ రెండయ్యాయి. టొరంటోలో మీ ఫైలు చూసే ఆఫీసరుకు ఈ కథంతా తెలియదు. ఆయనకు కనిపించేది పేర్లు కలవని రెండు కాగితాలు, అంతే. అందుకని ఆయన అడిగేదాకా ఆగకండి. దరఖాస్తుతో పాటే ఒక పేజీ వివరణ పెట్టండి: ఏ సంవత్సరంలో పేరు ఎలా మారింది, దానికి ఆధారం ఏ ప్రభుత్వ ఉత్తర్వు లేదా యూనివర్సిటీ ప్రకటన. ఆ ఒక్క పేజీ మా తోడికోడలి ఫైలు వెనక్కి రాకుండా కాపాడింది.

పేరు విషయానికొస్తే అది ఇంకా పెద్ద గొడవ. పదో తరగతి మెమోలో 'కె. లక్ష్మీ ప్రసన్న', పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లయ్యాక తీసుకున్న కాగితాల్లో భర్త ఇంటిపేరు. మనకి ఇది మామూలే. ఇక్కడ మాత్రం ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. బయల్దేరకముందే నోటరీ దగ్గర 'వన్ అండ్ ది సేమ్ పర్సన్' అఫిడవిట్ చేయించుకోండి. మూడు రూపాలూ అందులో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. లక్ష్మిలో ఐ ఒకటా రెండా అన్నది కూడా చూసుకోండి. ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడండి.

ఇక ఉద్యోగం కాగితాలు. మన కంపెనీలు ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్ "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం" అని రెండు లైన్లలో ముగుస్తుంది. దాంతో ఏమీ తేలదు. ఏ ప్రాజెక్టులు, మీ బాధ్యత ఎంత, మీ పైన ఎవరు, వారానికి ఎన్ని గంటలు అనేవి ఉండాలి. ఉత్తరం మీరే డ్రాఫ్టు చేసి మేనేజరు దగ్గరికి తీసుకెళ్లండి, లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకం పెట్టడమే ఆయన పని. అందులో తప్పేమీ లేదు, రాసింది నిజమైతే చాలు. కంపెనీ మూతపడిందా? పీఎఫ్ పాస్‌బుక్, ఫామ్ 16లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అప్పట్లో కలిసి పనిచేసిన సీనియర్ ఇచ్చే అఫిడవిట్, ఇవన్నీ కలిపి పెట్టండి. ఉద్యోగం వదిలేశాక కంపెనీ మెయిల్ ఐడీ పోతుంది కాబట్టి మేనేజర్ల సొంత మెయిల్, ఫోన్ నంబరు ఇప్పుడే తీసుకోండి.

కాగితం తెప్పించడం నిజంగానే మీ చేతిలో లేకపోతే వదిలెయ్యకండి. ఇరాన్ నుంచి శరణార్థిగా వచ్చిన ఒక టీచరు తన దేశం నుంచి ఒరిజినల్ కాగితాలు తెప్పించుకోలేని పరిస్థితిలో ఉంటే, ఇక్కడి టీచర్ల రెగ్యులేటర్ అవే కావాలని పట్టుబట్టింది. 2007లో ఒంటారియో డివిజనల్ కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. తర్వాత 2024లో చేసిన చట్టం, దరఖాస్తుదారు చేతిలో లేని కారణాలవల్ల కాగితం దొరక్కపోతే దాని బదులు ఏం తీసుకుంటారో ఆరోగ్యరంగం కాని వృత్తుల్లో ప్రతి రెగ్యులేటరూ ఒక విధానం పెట్టుకోవాలంది. కాబట్టి "మీ ప్రత్యామ్నాయ పత్రాల విధానం పంపండి" అని అడిగే హక్కు మీకుంది. యూనివర్సిటీలో ఫైలు దొరకడం లేదని క్లర్కు ఫోన్లో చెప్తే చాలదు. మీరు ఎప్పుడెప్పుడు అడిగారో చూపించే మెయిళ్లు, పోస్టు రసీదులు ఉండాలి.

ఆరు నెలల లెక్క ఎప్పుడు మొదలవుతుంది

2021 డిసెంబర్‌లో ఆ 2006 చట్టానికి సవరణలు వచ్చాయి. ఇంజనీర్ల లాంటి, ఆరోగ్యరంగం కాని వృత్తుల్లో 2023 జూలై నుంచి, బయట చదివినవాళ్ల దరఖాస్తుపై ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలనే గడువు పెట్టారు. అందరూ ఇక్కడే పొరపడతారు. ఫీజు కట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకుని "ఎనిమిది నెలలైంది, ఇంకా ఏమీ లేదు" అంటారు. కావలసినవన్నీ చేరాకే ఆ ఆరు నెలలు మొదలవుతాయి. వెస్ రిపోర్టు రాకపోయినా, పరీక్ష పాసవ్వకపోయినా, ఒక్క ఉత్తరం తగ్గినా మీ ఫైలు 'ఇన్‌కంప్లీట్'. అది వెయిటింగ్ లిస్టు టికెట్ లాంటిది, చేతిలో కాగితం ఉంటుంది గానీ బెర్తు ఉండదు.

అందుకని కాగితాలన్నీ చేరాయని మీకు అనిపించిన రోజే ఒక మెయిల్ పెట్టండి. ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి భావం చెప్తాను, మీ మాటల్లో రాసుకోండి:

"నా ఫైలు నంబరు ఇది. ఈ తేదీన ఫలానా పత్రం, ఈ తేదీన ఫలానా పత్రం మీకు చేరాయి. నా దరఖాస్తు ఇప్పుడు పూర్తయినట్టేనా? పూర్తయితే ఏ తేదీ నుంచి లెక్కిస్తున్నారు? కాకపోతే ఇంకా ఏమేం కావాలో మొత్తం ఒకేసారి చెప్పండి."

చివరి వాక్యం చాలా ముఖ్యం. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి అడుగుతూ పోతే ఏడాది గడిచిపోతుంది. మర్యాదగా రాయండి, కానీ బతిమాలుతున్నట్టు రాయకండి. "దయచేసి నా కుటుంబ పరిస్థితి గమనించి" లాంటివి మన అలవాటు. ఇక్కడ ఫైలు చూసేవాళ్లు దాన్నిబట్టి ఏమీ చెయ్యలేరు, అసలు ప్రశ్న వాటి కింద కప్పడిపోతుంది. ఫోన్లో ఏదైనా చెప్తే, అదే రోజు "ఇందాక మీరు ఇలా చెప్పారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని మెయిల్ పెట్టండి.

వెస్ లాంటి బయటి సంస్థ మీ డిగ్రీని తక్కువగా లెక్కగడితే ముందు వాళ్ల దగ్గరే రీ-ఎవాల్యుయేషన్ అడగండి. అయినా తేలకపోతే రెగ్యులేటర్‌కి రాయండి. అర్హతలు అంచనా వేసే పని ఇంకొకరికి ఇచ్చినా, అది న్యాయంగా జరిగేలా తగిన చర్యలు తీసుకోవాల్సిన బాధ్యత రెగ్యులేటర్‌దేనని 2006 చట్టంలోనే ఉంది.

భాషాపరీక్ష గురించి ఒక్క మాట. ఒకే ఇంగ్లిష్‌ని ఇమ్మిగ్రేషన్‌కి ఒకసారి, లైసెన్సుకి ఒకసారి రాయించడాన్ని తగ్గించాలన్నది కూడా ఆ సవరణల ఉద్దేశం. కాబట్టి మళ్ళీ డబ్బు కట్టేముందు, పీఆర్ (శాశ్వత నివాసం) కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ స్కోరు తీసుకుంటారా అని అడగండి. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, తేదీ చూసుకోండి.

కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ మాట

ఇంజనీర్లకు మొత్తం 48 నెలల అనుభవం కావాలి. ఒకప్పుడు అందులో 12 నెలలు కెనడాలోనే చేసి ఉండాలనేవారు. ఉద్యోగం రావాలంటే లైసెన్సు, లైసెన్సు రావాలంటే ఇక్కడి ఉద్యోగం. ఈ ముడిలో పడి ఎంతమంది మంచి ఇంజనీర్లు గోడౌన్లలో పెట్టెలు మోశారో లెక్కలేదు. 2013లో ఒంటారియో మానవహక్కుల కమిషన్, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ కావాలని పట్టుబట్టడం పైకి చూడ్డానికే వివక్ష కిందికి వస్తుందని ఒక విధానం ప్రకటించింది. 2023 మేలో పీఈఓ ఆ షరతు తీసేసింది. 2023 డిసెంబర్ 2 నుంచి ఆరోగ్యరంగం కాని వృత్తులన్నిట్లోనూ దాన్ని చట్టమే నిషేధించింది. మినహాయింపు పొందితే తప్ప, కెనడా అనుభవం మాత్రమే కావాలని ఏ రెగ్యులేటరూ అనకూడదు. దానికి సమానమైన బయటి అనుభవాన్నీ ఒప్పుకోవాలి.

ఉద్యోగమిచ్చే కంపెనీల సంగతి వేరు. వాళ్లు ఉద్యోగ ప్రకటనల్లో కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ అడగకూడదనే రూలు 2026 జనవరి 1 నుంచి వచ్చింది, అదీ 25 మంది, అంతకుపైన ఉద్యోగులున్న చోట్లకే. ఇంటర్వ్యూలో మనసులో ఏం అనుకుంటారో ఏ చట్టమూ ఆపలేదు, అది నాకూ తెలుసు.

షరతు పోయింది కదా అని మీ అనుభవాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోరు. పీఈఓ వాళ్లు ఏడు విభాగాల్లో 34 సామర్థ్యాలకు ఒక్కో ఉదాహరణ రాయమంటారు. పరిస్థితి ఏమిటి, మీరేం చేశారు, ఫలితం ఏమైంది. మీ పని తెలిసిన వాలిడేటర్లు దాన్ని ధ్రువీకరించాలి. అక్కడున్న మేనేజర్లని పెట్టొచ్చు, కానీ వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

మనవాళ్లు రాసినవి చాలా చూశాను. అందరూ 'మేము' అని రాస్తారు. మేము డిజైన్ చేశాం, మేము సైటు చూశాం. అది మన వినయం, నేను నేను అంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని. చదివేవాళ్లకు మాత్రం అందులో మీరెక్కడున్నారో కనపడదు. ఒక ఉదాహరణ చూడండి. "పోడియం స్లాబు పనిని పర్యవేక్షించాము, నాణ్యత పాటించాము" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. దాన్నే ఇలా రాయొచ్చు: "ఫ్లాట్ స్లాబుకి కాంక్రీటు వెయ్యడానికి ముందురోజు స్టీలు తనిఖీ చేస్తుంటే, ఒక కాలమ్ తల మీద పై కడ్డీల మధ్య దూరం డ్రాయింగులో ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. భారత కాంక్రీటు కోడు ఐఎస్ 456 ప్రకారం అక్కడి బెండింగ్ మూమెంటుకి కావలసిన స్టీలు మళ్ళీ లెక్కగట్టాను, చాలలేదు. కాంక్రీటు ఆపించి, కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా తెలిపి, కడ్డీలు సరిచేయించాకే అనుమతించాను. తర్వాతి అంతస్తుల చెక్‌లిస్టులో కాలమ్ తలల తనిఖీని విడిగా చేర్చాను." ఇక్కడ ఒక మనిషి, ఒక నిర్ణయం, దాని ఫలితం కనిపిస్తున్నాయి. రహస్యమేమీ లేదు, సైటు డైరీ ఉన్నవాళ్లకు సులువు.

ఇక్కడి పద్ధతులు తెలుసని చూపించడానికి ఇక్కడే పనిచేసి ఉండాలని లేదు. ఐఎస్ 456కీ ఇక్కడి కాంక్రీటు కోడు సీఎస్ఏ ఏ23.3కీ తేడాలు చదివి, మీ పాత డిజైనునే ఒకసారి ఇక్కడి కోడుతో చేసి చూడండి. టొరంటో చుట్టుపక్కల మంచు గడ్డకట్టే లోతు వల్ల పునాది 1.2 మీటర్లైనా కిందికి పోవాలి. మనకి హైదరాబాద్‌లో ఆ ప్రశ్నే రాదు. ఇలాంటివి తెలుసుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో కూడా తడబడరు. వృత్తి నియమాలు, చట్టం మీద ఎన్‌పీపీఈ పరీక్ష ఉంది: 110 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అన్నీ మల్టిపుల్ చాయిస్. లెక్కలు ఉండవు, కానీ పుస్తకం చదవకుండా వెళ్లకండి. బయట చదివినవాళ్లని సాధారణంగా సాంకేతిక పరీక్షలు కూడా రాయమంటారు. దాన్ని అవమానంగా తీసుకుని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. రాసేసినవాళ్లు ఎప్పుడో ముందుకెళ్లిపోయారు.

నర్సులకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష. కంప్యూటర్ మీ జవాబుల్ని బట్టి 85 నుంచి 150 దాకా ప్రశ్నలు ఇస్తుంది. ఇటీవల నర్సుగా పనిచేసిన ఆధారం లేక ఆగిపోయినవాళ్ల కోసం 2022లో కాలేజ్ ఆఫ్ నర్సెస్, ఒంటారియో హెల్త్ కలిసి ఆసుపత్రుల్లో పర్యవేక్షణ కింద పనిచేసే అవకాశం మొదలుపెట్టాయి. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చునే బదులు దాన్ని అడగండి.

కాదన్నప్పుడు

మొదట, అది నిజంగా నిర్ణయమేనా చూడండి. "మీ కేసు కష్టం" అని హెల్ప్‌డెస్క్‌లో అంటే అది నిర్ణయం కాదు. నిర్ణయం అంటే ఉత్తరం, అందులో కారణాలు. కారణాలు రాసివ్వడం వాళ్ల బాధ్యత.

కవరు మీద తేదీ వేసి, కవరుతో సహా దాచండి. గడువు చిన్నది. పీఈఓ రిజిస్ట్రార్ లైసెన్సు నిరాకరించబోతున్నట్టు నోటీసు ఇస్తే, 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ కమిటీ ముందు హియరింగ్ కోరాలి. ఆరోగ్య వృత్తుల్లో కూడా 30 రోజులే, కాకపోతే వెళ్లేది హెల్త్ ప్రొఫెషన్స్ అప్పీల్ అండ్ రివ్యూ బోర్డుకి, అది రెగ్యులేటర్‌తో సంబంధం లేని బోర్డు. బాధపడుతూ రెండు వారాలు గడిపేస్తే మిగిలింది రెండు వారాలే.

అదే రోజు రెండో పని: మీ ఫైలులో ఉన్నదంతా చూపించమని రాయండి. మీ దరఖాస్తుకి సంబంధించి వాళ్ల దగ్గరున్న రికార్డులు చూసే హక్కు మీది. అసెసర్ రాసిన నోట్సులో తరచుగా అసలు సంగతి బయటపడుతుంది: ఒక సెమిస్టర్ పేజీ స్కాన్ కాలేదు, ఒక సబ్జెక్టును వేరే దానిగా అనుకున్నారు. అప్పుడు మీ సిలబస్ పుస్తకం పనికొస్తుంది.

తర్వాత రివ్యూ, అంటే ఆ నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించడం. మొదట నిర్ణయం తీసుకున్నవాళ్లే రివ్యూలో కూర్చోకూడదు. మీరు కొత్త ఆధారాలు పెట్టొచ్చు, వాదన రాయొచ్చు. వాదన రాసేటప్పుడు "మీరు వివక్ష చూపారు" అని మొదలుపెట్టకండి. వాళ్లు లేదన్న ఒక్కో అంశానికి మీ ఆధారం ఏ పేజీలో ఉందో వరుసగా చూపండి. వివక్ష నిజంగానే జరిగిందనిపిస్తే దానికి మానవహక్కుల ట్రిబ్యునల్ ఉంది, జరిగిన ఏడాదిలోగా వెళ్లాలి.

ఫెయిర్‌నెస్ కమిషనర్‌కి ఫిర్యాదు చేస్తే లైసెన్సు వచ్చేస్తుందని చాలామంది ఆశ. ఆ ఆఫీసు ఒక్కొక్కరి కేసు తీర్పు చెప్పదు, నిర్ణయాన్ని మార్చదు. రెగ్యులేటర్ల పద్ధతుల్ని గమనిస్తుంది, లోపాలుంటే సరిచెయ్యమంటుంది. అయినా గడువు దాటినా, మళ్ళీ మళ్ళీ కొత్త కాగితాలడిగినా వాళ్లకూ తెలియజెయ్యండి. పదిమంది నుంచి ఒకే మాట వెళితే అది పద్ధతిలోని లోపమని వాళ్లకు తెలుస్తుంది. అప్పీలు గడువు మాత్రం దానికోసం ఆగదు.

డబ్బు, ఇతర ప్రావిన్సులు

పరీక్షలు, ఫీజులు, మళ్ళీ చదవాల్సిన కోర్సులు కలిస్తే పెద్ద మొత్తమే అవుతుంది. క్రెడిట్ కార్డు మీద వేసుకోకండి. విండ్‌మిల్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలా లైసెన్సు కోసం చదివేవాళ్లకు 15,000 డాలర్ల దాకా తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. "లైసెన్సు గ్యారంటీ" అని డబ్బడిగే కన్సల్టెంట్లకు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మీ ఫైలులో వాళ్లు చెయ్యగలిగింది ఏదీ మీరు చెయ్యలేనిది కాదు.

ఒంటారియో బయట ఉన్నవాళ్లకు: ఇలాంటి చట్టాలు మానిటోబా, నోవా స్కోషియాలలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆల్బర్టాది 2020లో, బ్రిటిష్ కొలంబియాది 2024 జూలైలో అమల్లోకి వచ్చాయి. గడువులు, పేర్లు వేరు కాబట్టి నేను చెప్పిన ఆరు నెలలు అక్కడ చూపించకండి, మీ ప్రావిన్సు చట్టం తెరిచి చూడండి.

ఒక ప్రావిన్సులో లైసెన్సు వచ్చిందంటే మిగతావాటికి దారి సులువు. కెనడా ప్రావిన్సుల మధ్య ఒప్పందం ప్రకారం, ఒకచోట లైసెన్సున్నవాళ్లని ఇంకోచోట మళ్ళీ చదవమని, పరీక్షలు రాయమని సాధారణంగా అడగకూడదు. అలా వచ్చిన దరఖాస్తు అందినట్టు ఒంటారియో రెగ్యులేటర్లు 10 పనిదినాల్లో చెప్పాలి, ఆ తర్వాత 30 పనిదినాల్లో నిర్ణయం తీసుకోవాలి, ఇదీ ఆరోగ్యరంగం కాని వృత్తులకే. కాల్గరీలో ఉద్యోగం దొరికి అక్కడే పీ.ఇంజ్. తీసుకుని, తర్వాత బ్రాంప్టన్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వచ్చేయాలనుకునేవాళ్లకు ఇదే దారి. అక్కడి లైసెన్సు చెల్లుబాటులో ఉండగానే ఇక్కడ దరఖాస్తు చెయ్యండి, ఆ సంవత్సరం ఫీజు కట్టడం మర్చిపోయి దాన్ని మురగబెట్టుకోకండి.